కొక్కు జపం

గోపాలప్ప బతుకులో తనను ఎవరైనా ‘గారూ’ అని పిలవడం అదే మొదలు. తమిళనాడులోని ధర్మపురి చుట్టుపక్కల తెలుగిళ్లలో అన్న ఉంది, అప్ప ఉంది, మామ ఉంది, కోపమొస్తే పిలిచే పేర్లు బోలెడున్నాయి, గారు మాత్రం లేదు. అలాంటిది అముద మేడం మెట్టు దిగి వచ్చి, చేతులు జోడించి, “గోపాలప్ప గారూ, రండి” అనేసరికి ఆయన కాళ్లు నేలమీద ఆనలేదు. ఆ తర్వాత జరిగిన దానికంతా ఆ గారుదే పూచీ.

గోపాలప్ప గోడల మీద బొమ్మలు వేసే మనిషి. ఒకప్పుడు ఊళ్లో ఏ గోడ చూసినా ఆయన చేతి పనే: సిమెంటు బస్తా, పళ్లపొడి డబ్బా, ఎన్నికల గుర్తులు, టైలరు కొట్టు మీద మీసాల మనిషి. రెండు వేల అయిదు దాటేసరికి ఊళ్లోకి ఫ్లెక్స్ మిషన్లు దిగాయి. పొద్దున ఫోటో ఇస్తే మధ్యాహ్నానికి మనిషికన్నా పెద్ద బొమ్మను చాపలా చుట్టి చేతిలో పెట్టేవాళ్లు. పెళ్లికి ఫ్లెక్స్, చావుకి ఫ్లెక్స్, పిల్లకు చెవులు కుట్టిస్తే ఫ్లెక్స్. గోపాలప్ప బ్రష్షులు కిరసనాయిల్లో నానీ నానీ వెంట్రుకలు రాల్చేశాయి. భార్య మునివెంకటమ్మ ఇటుకలు మోసే పనికి పోతుంటే ఆయనా ఆమె వెనకే తట్ట పట్టుకుని పోతున్నాడు. తట్ట బరువు కాదు ఆయనకు బాధ. గోడ కట్టడానికి పనికొచ్చిన తనను ఆ గోడ మీదికి ఎవరూ పిలవడం లేదే అని బాధ.

అప్పుడు పిలిచింది ఉయిర్ కూడం. అంటే ప్రాణుల ఇల్లు. సేలం రోడ్డులో పాడుబడ్డ చింతపండు గోడౌనును చెన్నై పెద్దాయన ఒకాయన ట్రస్టు పెట్టి మ్యూజియం చేయిస్తున్నాడు. ముట్టరాదు అన్న బోర్డు ఒక్కటి కూడా లేని మ్యూజియం అది. చింతగింజలు అతికించి ఏనుగును చేశారు, పగిలిన గాజుముక్కలతో నెమలిని చేశారు. ముంగిస బొరియలాంటి గొట్టంలో పిల్లలు పాకవచ్చు. ఒక పెట్టెకు చిల్లి ఉంటుంది, అందులో చెయ్యిపెట్టి లోపలున్నది ఎలుగుబంటో ఉడుమో చెప్పాలి. ఉన్నది కొబ్బరిపీచూ ఉప్పుకాగితమూ అనుకోండి, అయినా పెద్దవాళ్లు కూడా కేక పెట్టి చెయ్యి లాక్కునేవారు. చింతపండు వాసన మాత్రం ఎంత కడిగినా పోలేదు. ఏ జంతువు ముందు నిలబడ్డా నోరూరేది.

ఈ కూడాన్ని చూసుకునే అముద మేడం తమిళామె. ఎప్పుడో తిరుపతిలో ఉద్యోగం చేస్తూ తెలుగు నేర్చుకుంది. ఆ తెలుగు వాడకం లేక తుప్పు పడుతోందని ఆమెకు దిగులు. గోపాలప్ప ఇంట్లో తెలుగు మాట్లాడతాడని తెలియగానే ఆమె ముఖం వెలిగిపోయింది. ఆమె తమిళంలోనే చెప్పి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. మర్యాదకు పోయి తెలుగులో చెప్పింది.

“గోపాలప్ప గారూ, ఈ గోడ మొత్తం మీదే. చెరువు కావాలి. చెరువులో ఒక కొక్కు. ఒంటికాలి మీద నిలబడి ఉండాలి. నోట్లో చేప. కళ్లు సగం మూసుకుని, ధ్యానం చేస్తున్నట్టు.”

“కొక్కా మేడం?”

“కొక్కే. ఫోటో చూసి వేయకండి. మీ మనసులో కొక్కు ఎట్లా ఉందో అట్లా వేయండి. ఫోటో కావాలంటే ఫ్లెక్సే కొట్టించుకుంటాను కదా?”

తమిళంలో కొక్కు అంటే కొంగ. తెలుగులో కొక్కు అంటే పందికొక్కు, శెనక్కాయల కుప్పల్లో కాపురముండే పెద్ద ఎలుక. ధర్మపురిలో పుట్టి పెరిగిన గోపాలప్పకు రెండూ తెలుసు. తమిళంలో ఎవరైనా కొక్కు అంటే ఆయనకు రెక్కలు కనిపించేవి, తెలుగులో అంటే తోక కనిపించేది. మేడం మాట్లాడింది తెలుగు, అదీ గారు చేర్చిన తెలుగు. కొంగ అన్న మాట ఆమెకు తిరుపతిలో ఎవరూ నేర్పలేదనీ, ఆ ఖాళీలోకి తమిళ కొక్కు వచ్చి కూర్చుందనీ ఆయనకేం తెలుసు?

ఇంటికొచ్చి చెబితే మునివెంకటమ్మ రాగిసంకటి కెలుకుతున్న కట్టె ఆపింది.

“ఏమయ్యా, కొక్కు ఒంటికాలి మీద యాడన్నా నిలబడుతుందా?”

“అది సైన్సు. నీకు తెలీదు.”

“చేపను తింటుందా?”

“దొరికితే యాల తినదు?”

“దేనికి ధ్యానం చేసేది?”

“తినింది పాపం కాదా? పోగొట్టుకోవద్దా?”

“నాకేమో ఇది సరిగా లేదప్పా. ఇంకొక తూరి అడిగి రారాదా?”

అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ మళ్లీ అడిగితే ‘గారు’ ఎగిరిపోతుందేమోనని గోపాలప్ప భయం. పైగా ఆయన మనసు ఈసరికే ఒక దారి పట్టింది. మామూలు బొమ్మైతే ఆ మేడం ఫ్లెక్స్ కొట్టు దగ్గరకే పోయేది. ఏ మిషనూ ముద్రించలేనిది, ఎవడి ఫోటోకూ అందనిది కావాలి గనకనే వెతుక్కుంటూ తన దగ్గరకు వచ్చింది. లోకంలో ఇన్ని మిషన్లుండగా ధ్యానం చేసే కొక్కుకు గోపాలప్పే దిక్కు. ఆ ఆలోచన వచ్చిన రోజు ఆయన సంకటి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

నొక్కితే జంతువుల అరుపులు వినిపించే బటన్లూ స్పీకర్లూ తేవడానికి మేడం చెన్నై వెళ్లింది. గోడకు తెర కట్టి, గోపాలప్ప తెర వెనక దూరాడు. కొక్కును ఎలా నిలబెట్టాలన్నది పెద్ద చిక్కయింది. ఒంటికాలి మీద ఉంచితే పక్కకు పడిపోతున్నట్టుంది. చివరకు తోకను నీళ్లలోకి దించి ఊతకర్రలా ఆనించాడు. పంది మూతి మీద మీసాలు ఒక్కొక్కటీ ఊపిరి బిగబట్టి లాగాడు. ముందుకాళ్లు రెండూ పొట్ట మీద ముడిచి పెట్టాడు, కళ్లు సగం మూశాడు. నోట్లో చేపకు మాత్రం కళ్లు పూర్తిగా తెరిచాడు, దానికి ధ్యానం కుదిరే పరిస్థితి కాదు గనక. అంతా అయ్యాక వెనక్కి జరిగి చూసుకుంటే ఆయనకే ఒళ్లు జలదరించింది. ఇంత మంచి బొమ్మ తన చేతిలో ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో తెలియలేదు.

ప్రారంభం రోజున అముద మేడం చెన్నై పెద్దాయన కారులోనే వచ్చింది, తెర వెనక్కి తొంగి చూసే తీరిక దొరకలేదు. పెద్దాయన పట్టు జుబ్బా వేసుకుని, నుదుట పెద్ద బొట్టు పెట్టుకుని, దారిపొడుగునా అన్నిటికీ ‘ఆహా’ అంటూ వచ్చి తాడు లాగాడు. తెర జారింది. చెరువు మధ్యలో, తామరాకుల పక్కన, మనిషంత పందికొక్కు ఒంటికాలి మీద లోకాన్ని మరిచి నిలబడి ఉంది. దాని పక్కన తమిళ అక్షరాల్లో చెన్నైలో ముద్రించి పంపితే పనివాళ్లు బిగించిన బోర్డు: “కొక్కు. పొలానికి మేలు చేసే ప్రాణి. దీన్ని పట్టినా, కొట్టినా చట్టప్రకారం శిక్ష తప్పదు.” కింద ఎర్ర బటన్.

పెద్దాయన బటన్ నొక్కాడు. పందికొక్కు నోట్లోంచి “క్ర్రాక్” అని కొంగ అరిచింది.

అముద మేడం ముఖంలో నెత్తురు చుక్క లేదు. గోపాలప్ప మాత్రం ఓ పక్కన తలదువ్వుకుని, పెళ్లికొడుకు తండ్రిలా నిలబడి ఉన్నాడు. పెద్దాయన మళ్లీ నొక్కాడు. మళ్లీ “క్ర్రాక్”. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

“తన తపస్సు దేనికో దానికే తెలీదు,” అన్నాడాయన తమిళంలో. “పొట్టకు పందికొక్కు, వేషానికి కొంగ. మనమందరమూ ఇదే కదమ్మా! ఎవరీ మనిషి?”

జనం చప్పట్లు కొట్టారు. అముద మేడం కూడా కొట్టింది, ఇక కొట్టక ఏం చేస్తుంది? చప్పట్లు ఆగాక గోపాలప్పను చింతగింజల ఏనుగు చాటుకు తీసుకుపోయింది.

“ఏమిటండీ ఇది?”

“కొక్కు మేడం.”

“ఇదా కొక్కు? కొక్కంటే...” అని ఆమె రెండు చేతులూ చాచి రెక్కల్లా ఆడించింది, మెడ సాగదీసింది, ఒక కాలు పైకెత్తింది. ఏనుగు పట్టుకోకపోతే పడిపోయేదే.

గోపాలప్పకు అర్థమైంది. “కొంగా?” అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి చాలా మెల్లగా వచ్చింది. మేడం అడిగింది కొంగను. ఫ్లెక్స్ కొట్టులో ఏ పిల్లవాణ్ణి అడిగినా నిమిషంలో ముద్రించి ఇచ్చే కొంగను. తనను వెతుక్కుంటూ వచ్చింది అంతమాత్రం దానికా? సిగ్గుతో ఆయన చెవులు మండిపోయాయి. తెలుగులో కొంగ జపం అన్న మాట ఉండి కూడా సమయానికి తనకు అందనందుకు తెలుగు మీదే కోపమొచ్చింది.

“ఎవరికీ చెప్పకండి,” అంది మేడం. “పెద్దాయనకు ప్రాణం లేచివచ్చినట్టుంది. ఇంకా ఆరు గోడలు మీ చేతే వేయిస్తానంటున్నాడు.”

ఆరు గోడలు! సిగ్గు సిగ్గుగానే ఉంది, దాని పక్కనే సంతోషం కూడా వచ్చి కూర్చుంది. తప్పులో పుట్టినా బిడ్డ బిడ్డే కదా అనుకున్నాడు గోపాలప్ప.

కూడానికి జనం విరగబడ్డారు. తమిళులు బోర్డు చదివి, బొమ్మ చూసి, బటన్ నొక్కి, కడుపు పట్టుకుని నవ్వి, ఇంకొకరిని పిలుచుకొచ్చి మళ్లీ నొక్కేవారు. తెలుగువాళ్లు నవ్వలేదు. వాళ్లకు తెలుగు అక్షరాలు రాకపోయినా తమిళ అక్షరాలు వచ్చు, గోడ మీద తోక చూశాక ఆ అక్షరాల్లోని కొక్కును తెలుగుగానే చదువుకున్నారు. బోర్డు మీద కొక్కు అని ఉంది, గోడ మీద కొక్కు ఉంది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అరుపు కొంచెం తేడాగా ఉంటే టౌను కొక్కు అలాగే అరుస్తుందేమో అనుకున్నారు. వాళ్లను భయపెట్టింది బోర్డులోని ఆఖరి మాట. పట్టినా శిక్ష, కొట్టినా శిక్ష. ఆ మాట చుట్టుపక్కల పల్లెలకు పాకింది, ఇండూరు పోయింది, పెరియంపట్టి పోయింది, పోయిన చోటల్లా బరువెక్కింది.

ఒకరోజు ఇండూరు నుంచి గోపాలప్ప అక్క పాపక్క వచ్చింది. మెట్టపొలంలో శెనక్కాయ పండించి ఇల్లు నడిపే మనిషి, గట్టిది. అలాంటిది అరుగు మీద కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“ఏమిరా గోపాలా, నేను నీకేం ద్రోహం చేసినానురా?”

“ఏమైంది అక్కా?”

“కొక్కులు ఇంట్లో సంసారం చేస్తుండాయి. విత్తనానికని ఎత్తిపెట్టిన కాయలు సగం పోయినాయి. ఉచ్చు పెడదామంటే ఊరంతా వద్దంటుండారు, ఫారెస్టు వాళ్లు పట్టుకొనిపోతారంట. నెమలిని ముట్టరాదనిరి, చరి. అడవిపందిని ముట్టరాదనిరి, చరి. ఇప్పుడు కొక్కు కూడానా? నేను ఆ బొమ్మను చూడలేదు గానీ, వేసింది నీ తమ్ముడే కదా అని నన్నే తిడుతుండారు.”

“అయ్యో, అది కొంగ అక్కా.”

“ఏది కొంగ?”

“ఆ కొక్కు.”

పాపక్క తమ్ముడి నుదురు ముట్టి చూసింది.

గోపాలప్ప ఆమెతోనే ఇండూరు బస్సెక్కాడు. ఊరివాళ్లను కూర్చోబెట్టి మేడం తెలుగు గురించి, తమిళ కొక్కు గురించి, తెలుగు కొక్కు గురించి చెప్పాడు. ఊళ్లో పెద్దమనిషి రంగసామి అంతా విన్నాడు.

“చరి, అది కొంగనే అనుకుందాం. అయితే తోక యాల పెట్టినావు?”

“కొక్కు అనుకుని పెట్టినా.”

“మీసాలు?”

“అవీ అంతే.”

“చూసినారా? కొక్కు అని వాడే ఒప్పుకుంటుండాడు. రేపు ఫారెస్టు వాళ్లు వస్తే కొంగ అని వీడు చెబుతాడంట, గోడ మీద మీసాలుంటాయంట, జైలుకు పోయేది మనమంట.” రంగసామి అప్పటికే జాగ్రత్తపడ్డాడు. తన ఇంటి కొక్కు నిలబడి ధ్యానం చేసుకోవడానికి మూలన వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి పెట్టాడు. అది ఇంకా నిలబడలేదనీ, అలవాటు కావాలనీ చెప్పాడు.

తిరిగి వస్తూ గోపాలప్ప నేరుగా ఉయిర్ కూడానికి పోయాడు. బోర్డు తీసేయమని అడిగాడు. అముద మేడంకు విషయం విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెంటనే పెద్దాయనకు ఫోన్ చేసింది. అవతలి గొంతు గోపాలప్పకు కూడా వినిపించింది.

“బోర్డు కొంగ అంటుంది, బొమ్మ పందికొక్కు అంటుంది. ఆ కొట్లాటే కదమ్మా కళ! బోర్డు తీస్తే అది ఉట్టి ఎలుక. తీయొద్దు. రైతులు వచ్చి చర్చించనీ, కళ అంటే చర్చే.”

ఫోన్ పెట్టేసి మేడం గోపాలప్ప వైపు చూసింది. ఈసారి తమిళంలోనే మాట్లాడింది, ఇక తెలుగు మీద ఆమెకు నమ్మకం లేదు. బోర్డు తన చేతిలో లేదంది.

“బొమ్మ నా చేతిలో ఉండాది మేడం,” అన్నాడు గోపాలప్ప.

“అది చెరిపితే మిగతా గోడలు మీకు రావు. అన్నీ ఫ్లెక్స్ అయిపోతాయి. పెద్దాయనకు కావలసింది ఆ కొక్కే.”

గోపాలప్పకు ఆ సంగతి ఆమె చెప్పకముందే తెలుసు. ఒక పక్క ఆరు గోడలు, ఇంకో పక్క అక్క ఇంట్లో సగమైన విత్తనం కాయలు. కాయలు పూర్తిగా పోతే వానలు పడ్డాక పాపక్క చేలో విత్తడానికి ఏమీ ఉండదు. గోడలు ఎంత ఆశపెట్టినా ఆ లెక్క తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు, బాధ మాత్రం చాలా పట్టింది.

సెలవు రోజు చూసుకుని తెల్లరంగు డబ్బాతో పోయాడు. ముందు తోక చెరిపాడు. తర్వాత పొట్ట, తర్వాత ముడిచిన చేతులు. మీసాల దగ్గరకు వచ్చేసరికి బ్రష్షు ఆగిపోయింది. సగం మూసిన ఆ కళ్లు తనను చూడకపోవడమే మేలనిపించింది. అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చాడు, ముక్కు చీదుకున్నాడు, లేచి కళ్ల మీద కూడా తెలుపు కొట్టాడు. దాని మీద కొంగను వేశాడు. పొడుగు మెడ, సన్నని కాలు, పసుపు ముక్కు. చేప మాత్రం పాతదే, దానికి ఎవరి నోట్లో ఉన్నా ఒకటే. ఎక్కడా తప్పు పట్టడానికి లేని కొంగ.

ఇండూరువాళ్లు ఒకరిద్దరు వచ్చి చూసుకుని వెళ్లారు. సర్కారు శిక్షను కొక్కు మీంచి తీసి కొంగ మీద పెట్టిందని ఊళ్లో చెప్పారు. రంగసామి పళ్లెం బోర్లించాడు. అందరూ ఉచ్చులు దులిపి బయటకు తీశారు. చెన్నై నుంచి వ్యాన్లో ఆరు ఫ్లెక్సులు వచ్చి ఆరు గోడల మీద పరుచుకున్నాయి. కొంగ గోడ దగ్గర ఎవరూ ఆగడం లేదు. పిల్లలు బటన్ నొక్కుతారు, కొంగ కొంగలా అరుస్తుంది, ముందుకు పోతారు.

కాయలు దక్కిన సంతోషంలో పాపక్క ఒకరోజు వీధిలోని ఆడవాళ్లందరినీ టౌను బస్సులో ఎక్కించుకుని, కొత్త చీర కట్టుకుని కూడానికి వచ్చింది. గోపాలప్ప ఎదురుపోయి గోడ దగ్గరకు తీసుకెళ్లాడు. ఆడవాళ్లు ఓసారి చూసి, చింతగింజల ఏనుగు వైపు నడిచారు. పాపక్క కదల్లేదు.

“ఇది కొంగ కదరా.”

“కొంగనే అక్కా.”

“బాగుండాది. మా చెరువు కాడ దినమూ కనపడేదే. ఆ కొక్కు యాడుండాది? నా తమ్ముడు వేసింది, లోకంలో యాడా లేదంట, అని చెప్పి ఇంతమందిని పిల్చుకొచ్చినాను.”

“దీని కిందనే ఉండాది. నీ కాయల కోసం నేనే చెరిపేసినా.”

పాపక్క కొంగ పొట్ట మీద అరచెయ్యి పెట్టింది, గోడ లోపల ఏదైనా కదులుతుందేమోనన్నట్టు. కొంచెంసేపటికి తీసి తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది.

“పనికిమాలినోడా! నేను చంపాలనింది మా ఇంట్లో కొక్కుల్నిరా. దీన్ని కాదు.”